కారవాన్‌కి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అవసరమా? నా తప్పు నుంచి నేర్చుకున్నది ఇదీ..

డాలస్‌లో ఉండే మా బావ ఆమధ్య 2,500 కిలోల కారవాన్ కొన్నాడు. ఫోన్ చేసి, "ట్రక్కులో ట్రైలర్ స్వే కంట్రోల్ ఉంది కదరా, మళ్లీ ఈ వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఎందుకు? డబ్బు దండగ కాదూ?" అన్నాడు. ఫీచర్ల పిచ్చోణ్ణి కదా, "సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే బావా" అనేశా.

మొదటి ట్రిప్‌లోనే నా మాట తప్పని తేలింది. అక్కా పిల్లలతో వెళ్తుంటే స్టీరింగ్ గాల్లో తేలినట్టు ఉందట. రాత్రి ఎదురొచ్చే బండ్లన్నీ లైట్లు కొట్టాయట. హెడ్‌లైట్లు ఆకాశం చూస్తుంటే కొట్టరా మరి!

లెక్క చూడండి. ట్రైలర్ బరువులో 10 శాతం హిచ్ బాల్ మీద పడిందనుకుందాం, అంటే 250 కిలోలు. వీల్‌బేస్ 3 మీటర్లు, వెనక యాక్సిల్ నుంచి బాల్‌కి దూరం 1.2 మీటర్లు అయితే ముందు చక్రాల మీద 100 కిలోలు తగ్గిపోతాయి, వెనక చక్రాల మీద 350 కిలోలు పెరుగుతాయి. బండిని తిప్పేది, బ్రేక్ ఎక్కువగా పట్టేది ఆ ముందు చక్రాలే!

స్వే కంట్రోల్ పని ట్రైలర్ ఊగడం మొదలయ్యాక బ్రేకులు వేసి, ఇంజిన్ పవర్ తగ్గించడం. పోయిన 100 కిలోలను ఏ సెన్సరూ వెనక్కి తేలేదు. వెనక సస్పెన్షన్‌కి పెట్టే ఎయిర్ స్ప్రింగులూ బండిని పైకి లేపుతాయంతే. ఈ హిచ్‌లోని స్ప్రింగ్ బార్లు మాత్రం బరువును కొంత ముందు చక్రాలకి, కొంత ట్రైలర్ చక్రాలకి పంచుతాయి.

అలాగని అందరూ కొనక్కర్లేదు. బ్రిటన్‌లో తేలికపాటి కారవాన్లే ఎక్కువ. బాల్ మీద బరువు సాధారణంగా 100 కిలోల చుట్టూ ఉంటుంది. అక్కడ బాల్‌ని గట్టిగా పట్టుకునే స్టెబిలైజర్‌తో పని నడిచిపోతుంది. కొన్ని వాహనాల మాన్యువల్‌లో అయితే ఈ హిచ్ వాడొద్దనే ఉంటుంది. పైగా, తయారీదారు పెట్టిన గరిష్ఠ బాల్ లోడ్ లిమిట్‌ని దాటే వీలు ఇది ఇవ్వదు. బార్లు అతిగా బిగిస్తే వెనక చక్రాలు తేలికై, మలుపులో బండి వెనక భాగం జారే ప్రమాదమూ ఉంది.

నా వెర్డిక్ట్: బరువైన కారవాన్, మాన్యువల్ ఓకే అంటే తీసుకోండి. కానీ ముందుగా కొనాల్సింది హిచ్ కాదు, బాల్ బరువు చూపే చిన్న స్కేలు, ఒక టేపు. ట్రైలర్ తగిలించక ముందు, తగిలించాక ముందు ఫెండర్ ఎత్తు కొలవండి. బాగా పెరిగిందా? మీకు కావాల్సింది ఇంకో యాప్ కాదు, ఆ ఇనుప బార్లే. బావకి సారీ చెప్పి నేనిచ్చిన సలహా కూడా ఇదే.