కిటికీ దగ్గర ఉగ్గుగిన్నె

ఇంటికి దీపం ఇల్లాలు అన్నారు పెద్దలు. ఫొటోకి మాత్రం దీపం కిటికీయే. ఈ సంగతి తెలియక చాలామంది, లైట్లూ గొడుగులూ తెరలూ కొనాలేమోనని బెంబేలుపడి, ఆ వేడుక మనవంటి వాళ్ళకి కాదులే అని ఊరుకుంటారు. ఒక కిటికీ, ఒక తెల్ల పంచె, పిల్లల చార్టు కాగితం ఒకటి, జేబులో ఎలాగూ ఉండే సెల్‌ఫోను. ఇంతకు మించి అక్కర్లేదు.

తీయడానికి ఏముంది అంటారా? అటకెక్కి చూడండి. మా విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత ఇళ్ళలో ఇత్తడో కంచో ఎంతో కొంత ఉండనే ఉంటుంది. ఈ పనికి పేరుపడ్డ బుడితి గ్రామం మాకు దగ్గరే గదా! పుట్టింటివారు పెట్టిన బిందె, తాతగారు ప్రయాణాలకి పట్టుకువెళ్ళిన మరచెంబు, పసిపిల్లలకి పాలుపట్టిన ఉగ్గుగిన్నె. స్టీలు వచ్చాక ఇవన్నీ అటకెక్కాయి. ఇల్లు మారినప్పుడల్లా, అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా ఒక్కొక్కటీ తూకానికి పోతున్నాయి. సొట్టబోయిన బిందెకీ, మూడు తరాల పిల్లలు పాలు తాగిన గిన్నెకీ తక్కెడలో తేడా లేదు. రెండింటికీ ఒకటే ధర.

ఫొటోగ్రఫీ పుట్టిన నాటినుంచీ ఇంట్లో సామానే దానికి తొలి నేస్తం. 1837లో ఫ్రాన్సులో దగేర్ అనే ఆయన ప్లాస్టరు బొమ్మలూ అవీ ఒకచోట పేర్చి తీశాడు. ఆ రోజుల్లో ఒక్క బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి వెలుగు తగలాలి. అంతసేపు కదలకుండా మనిషి కూర్చోలేడు, వస్తువు కూర్చుంటుంది. ఇంగ్లండులో టాల్బట్ 1844లో మొదలుపెట్టిన పుస్తకంలో అలమరలోని పింగాణీ సామాను ఫొటో వేసి, దొంగ ఎత్తుకుపోతే ఈ బొమ్మే సాక్ష్యానికి పనికిరావచ్చునన్నాడు. మన ఇళ్ళకి దొంగ రానక్కరలేదు, మన సామాను మనమే వీధిలోకి తెచ్చి ఇస్తున్నాం. సాక్ష్యం అవసరం మాత్రం మనకీ ఉంది.

ఇంట్లో స్టూడియో ఎలా అంటే, అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ చేసిన పని చూడండి. 1930లో ఆయన ఒక బెంగుళూరు మిరపకాయని రేకు గరాటులో కూర్చోబెట్టి తీశాడు. గరాటు వంపు చుట్టూ ఉన్న వెలుగుని కాయ మీదకి మళ్ళించింది. ఆ ఫొటో ఇవాళ జగత్ప్రసిద్ధం.

ఇక మన పని. ఉత్తరపు కిటికీ ఉంటే అదృష్టం, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ నేరుగా పడదు. అద్దె ఇంట్లో దిక్కులు మన చేతిలో ఉండవు గనుక, ఎండపడే కిటికీ అయితే పల్చటి తెల్ల పంచె అడ్డంగా కట్టండి. పొందూరు పంచె ఉంటే మరీ మంచిది. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రంచేసి వడికిన ఆ సన్ననూలు గుండా వచ్చిన ఎండకి వాడి పోతుంది, నీడ మెత్తబడుతుంది. ముసురు పట్టిన రోజయితే పంచె కూడా వద్దు, ఆకాశమే కట్టుకుని ఉంటుంది.

కిటికీ పక్కన బల్ల వేసి, చార్టు కాగితాన్ని గోడకి అంటించి, మడత పడకుండా వంపుగా బల్ల మీదికి దింపండి. వెనక గోడా, బల్లా కలిసిన గీత కనిపించదు. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. బల్బు పసుపూ, పగటి వెలుగూ కలిస్తే ఇత్తడికి కామెర్లు వచ్చినట్టుంటుంది.

ఇత్తడి పెడసరపు వస్తువు. తోమిన గిన్నె అద్దంతో సమానం, ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. మీరు ఎర్రచొక్కాతో నిలబడితే గిన్నె కడుపులో ఎర్రచొక్కా. అంచేత గిన్నె మీద వెలుగు పడేటట్టు చూడటం కన్నా, గిన్నె చూడవలసినదేదో దాని ఎదుట పెట్టడం ముఖ్యం. కిటికీకి అవతలి వైపు తెల్ల తువాలు ఆరేస్తే నీడవైపు తేటబడుతుంది. అంచు స్పష్టంగా తేలాలంటే పక్కన నల్లగొడుగు తెరిచి పెట్టండి. ఆ నలుపు సన్నటి గీతై గిన్నె ఒంపుని దిద్దుతుంది.

ఫోనుని బియ్యం సంచికి ఆనించి, రెండుమూడడుగుల దూరాన నిలపండి. మరీ దగ్గరికి పోతే గిన్నె మూతి సాగిపోతుంది. ఫ్లాష్ జోలికి పోవద్దు. తెర మీద గిన్నె ఉన్నచోట వేలు ఆనించి, వెలుగు ఒక పిసరు తగ్గించండి. టైమరు పెట్టి చేతులు తీసేస్తే బొమ్మ అదరదు. అప్పుడు చూడండి, కంచరి సుత్తిదెబ్బలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు. ఇలాంటి సామాను ఇప్పటికీ చేసి, దూరాన ఉన్నవాళ్ళకి ఫోనులో చూపించి అమ్ముకునే పనివాడికి ఈ మెళకువ కూడు పెడుతుంది కూడాను.

ఇటువంటి బొమ్మని ఇంగ్లీషువాడు ‘స్టిల్ లైఫ్’ అంటాడు, కదలని జీవితమని. ఫ్రెంచివాడు ‘నాచ్యూర్ మోర్త్’ అంటాడు, చచ్చిన ప్రకృతి అని. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక ఆ రెండు మాటల మధ్య దూరం నాకు తమాషాగా ఉంటుంది. మన అటక మీది గిన్నె ఏ కోవలోది? ఈమధ్య క్లాసులో ‘మరచెంబు’ అన్న మాట వచ్చింది. ఏమిటర్రా అది అంటే ఒక్కరూ నోరు మెదపలేదు. తప్పు వాళ్ళది కాదు, చూడని వస్తువు పేరు ఎవరికి గుర్తుంటుంది? గిన్నె కరిగిన కొన్నాళ్ళకి దాని పేరు కూడా కరిగిపోతుంది.

అందరూ అన్నీ దాచుకోవాలని నేననను. మూడుగదుల ఇంట్లో గంగాళం ఎక్కడ పెడతారు? తప్పనిసరి అయితే ఇచ్చేయండి. ఇచ్చేముందు చింతపండుతో ఒకసారి తోమి, ఒక పూట కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. బొమ్మ తీసి, కింద దాని పేరూ, ఎవరిదో, ఏ ఊరినుంచి వచ్చిందో, ఎందుకు వాడేవారో రెండు ముక్కలు రాయండి. ఆ వివరాలు చెప్పగలిగిన అమ్మమ్మ ఇంట్లో ఉండగానే రాయండి సుమా. ఫొటో మీరు తీయగలరు, పేరు మాత్రం ఆవిడే చెప్పాలి.