చార్టు ఎక్కుతున్న పాట కింద ఎవరి పేరుంది?



శుక్రవారం వచ్చిందంటే మన గ్రూపులో స్క్రీన్‌షాట్ల వానే. ఈ వారం చార్టులోకి కొత్తగా ఏ పాట వచ్చింది, ఏది పది మెట్లు ఎక్కింది, ఏది జారింది... మధ్యలో ఎవరో ఒకరు "మన పాట ట్రెండింగ్‌లో ఉంది, షేర్ కొట్టండి" అని పెడతారు. సంతోషమే, నేనూ షేర్ చేస్తా. కానీ ఈ ఎక్కుడు గురించి నాకో అభిప్రాయం ఉంది. కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

ముందు చార్టు అంటే ఏందో చూద్దాం. అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 అనేది 1958 ఆగస్టు నుంచి వారం వారం వస్తోంది. పాట ఎంత అమ్ముడైంది, రేడియోలో ఎంత మోగింది, ఇప్పుడైతే ఫోన్లలో ఎన్నిసార్లు నడిచింది, ఇవన్నీ కూడి వరస పెడతారు. పాట మంచిదా కాదా అనేది అందులో ఉండదు. లెక్కలోకి వచ్చిన పాటకే నంబరు. దండారిలో రాత్రంతా నడిచే పాటకు, తీజ్ రోజుల్లో తండాలో ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాడే పాటకు ఏ చార్టులోనూ గడి లేదు. ఆ పాటలకు అదేం చిన్నతనం కాదు, ఆ లెక్క వేరే, అంతే.

పైగా ఆ లెక్కను డబ్బుతో వంచొచ్చు కూడా. 2019లో బాద్‌షా "పాగల్" పాటకు 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూస్ వచ్చాయని చెప్పుకున్నారు. అందులో ప్రకటనలు కొని తెచ్చుకున్నవి ఎన్ని అని గొడవైంది. యూట్యూబ్ ఆ రికార్డును ప్రకటించలేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో, డబ్బు కట్టిన ప్రకటనల వ్యూస్‌ను మ్యూజిక్ చార్టుల్లో లెక్కపెట్టమని రూల్ మార్చింది. కాబట్టి "వ్యూస్ చూడు అన్నా" అనే మాటకు నేను అంత తొందరగా పడిపోను.

అయితే చార్టు అంతా బోగస్ అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. వాళ్ల కోసమే న్యూజిలాండ్ సంగతి చెప్తున్నా.

అక్కడి మూలవాసులు మావోరీలు. వాళ్ల పెద్దల కాలంలో బడిలో మావోరీ మాట్లాడితే పిల్లల్ని కొట్టేవాళ్లు. 1980ల నాటికి సొంత భాష రాని పిల్లలే ఎక్కువైపోయారు. పాటేయా అనే చిన్న ఊరు. ఊరందరికీ పని ఇచ్చే మాంసం ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే డాల్వేనియస్ ప్రైమ్ అనే సంగీతకారుడు, న్గోయి పేఫైరంగి అనే పెద్దావిడ కలిసి ఒక పాట కట్టారు. బాణీ ఆయనది, మాటలు ఆమెవి. ఆయనకు మావోరీ సరిగా రాదు, ఆమెకు అది ఊపిరి. పిల్లలకు మన భాష మీద ఇష్టం పుట్టాలంటే వాళ్లు వినే తరహా సంగీతంలోనే చెప్పాలన్నది వాళ్ల ఆలోచన. పాట పేరు "పోయి ఎ". పోయి అంటే తాడుకు కట్టి తిప్పుతూ ఆడే బంతి, వాళ్ల ఆడవాళ్ల నృత్యంలో ఉంటుంది. పాడింది పాటేయా మావోరీ క్లబ్, అంటే ఆ ఊరి జనమే. వీడియోలో సంప్రదాయ దుస్తుల పక్కనే బ్రేక్ డ్యాన్స్ కూడా ఉంటుంది!

రికార్డు కంపెనీలు వద్దన్నాయి. డాల్వేనియస్ సొంత లేబుల్ పెట్టి విడుదల చేశాడు. రేడియోలు పెద్దగా వేయలేదు. టీవీ వార్తల్లో ఒక కథనం వచ్చాక జనం కదిలారు. 1984 మార్చిలో పాట ఆ దేశపు సింగిల్స్ చార్టులో నంబర్ 1కి చేరి 4 వారాలు అక్కడే కూర్చుంది. ఆ ఏడాది మొత్తం మీద అక్కడ ఎక్కువ అమ్ముడైన సింగిల్ అదే. ఇంగ్లిష్ పాటలన్నిటినీ దాటి, ఒక్క ఇంగ్లిష్ ముక్క కలపకుండా. 2010లో "బాయ్" సినిమా వచ్చాక మళ్లీ చార్టులోకి వచ్చింది. 1987లో మావోరీ అధికార భాష అయింది. దానికి ఎన్నో ఏండ్ల పోరాటం ఉంది, ఆ ఘనత పాటకే కట్టబెట్టను. కానీ ఆ భాషను దేశమంతా నోట్లో వేసుకుందని చూపెట్టిన కాగితం ఆ చార్టే.

ఇప్పుడు మన దేశం సంగతి. 2020 మార్చిలో "గేందా ఫూల్" వచ్చింది. మళ్లీ బాద్‌షానే. కొద్ది రోజుల్లో కోట్ల వ్యూస్. అందులో అందరి నోటా ఆడిన బెంగాలీ పల్లవి బీర్భూమ్ జిల్లాకు చెందిన రతన్ కహార్ 1970లలో కట్టుకున్న పాటలోది. విడుదలైనప్పుడు ఆయన పేరు లేదు. పాత రికార్డుల్లో అది జానపదం, సంప్రదాయం అనే ఉందని బాద్‌షా చెప్పాడు. బెంగాల్ జనం గట్టిగా అడిగాక ముసలాయనకు 5 లక్షలు పంపాడు. 2024లో రతన్ కహార్‌కు పద్మశ్రీ వచ్చింది. మంచిదే. కానీ మనిషి బతికుండగానే, పాడుతుండగానే, పాట మీద "సంప్రదాయం" అని రాసి పేరు తీసేయడం ఎంత సులువో చూడండి.

రెండు పాటలూ చార్టు ఎక్కినవే. ఒకటి తన భాష పేరుతో, ఊరి పేరుతో, రాసినామె పేరుతో ఎక్కింది. రెండోదాన్ని కట్టినవాడు కిందే ఉండిపోయాడు. నా గొడవంతా ఈ తేడా గురించే.

మన దగ్గర ఏం జరుగుతోంది? పిల్లలు కష్టపడి గోండి పాట, కోయ పాట, లంబాడీ పాట రికార్డు చేస్తున్నారు. అప్‌లోడ్ చేసేటప్పుడు మాత్రం "ఫోక్ డీజే సాంగ్" అని పెట్టి వదిలేస్తారు. భాష దగ్గర తెలుగు అని నొక్కుతారు, ఎందుకంటే వ్యూస్ వస్తాయట. లిరిక్స్ దగ్గర "సేకరణ" అని స్టూడియో ఓనర్ పేరు. పాట నేర్పిన అవ్వ పేరు ఎక్కడా లేదు. కిక్రీ వాయించిన పర్ధాన్ తాత వీడియోలో కనిపిస్తాడు, పేర్లలో కనిపించడు. సేకరణ అంటే అడవిలో ఇప్పపూలు ఏరుకున్నట్టు అనుకుంటున్నారా? పూలకైతే చెట్టన్నా కనిపిస్తది.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. తరాల నాటి పాట, కట్టిందెవరో తెలియదు అంటే మన కాపీరైట్ చట్టంలో దానికి యజమాని అంటూ లేడు. ఎవరైనా తీసుకోవచ్చు. అందుకే అలాంటి పాట కింద ఏ తెగది, ఏ ఊళ్లో ఎవరి దగ్గర నేర్చుకున్నది అన్నదైనా రాయాలి. కొత్తగా మీరు రాసిన పాట అయితే కథ వేరు. 2012 సవరణ ప్రకారం, రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ రాయల్టీలో తమ సగం వాటాను వదులుకుంటున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు. "అయిదు వేలు తీస్కో తమ్మీ, ఇగ పాట మాది" అనే కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ ముక్క గుర్తుంచుకోండి. డబ్బులు పెద్దగా వస్తాయని ఆశ పెట్టట్లేదు. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి కనీసం 1000 సార్లు నడవని పాటకు అసలు పైసా లెక్కే లేదు.

కొందరు పెద్దలు అంటారు: మన పాట పెన్ దగ్గర పాడేది, దాన్ని చార్టులో పెట్టి అమ్ముకునుడేంది అని. వాళ్ల మాట నేను కాదనను. పూజలో పాడేది పూజలోనే ఉండాలి, దానికి మైకు పెట్టకపోవడమే మర్యాద. పెళ్లి పాట, పని పాట, ఆట పాట, మనం కొత్తగా కట్టే పాట, వీటికి ఆ అడ్డు లేదు. ఏది బయటికి పోవాలో ఏది పోవద్దో ఊళ్లో పెద్దల్ని కూర్చోబెట్టి అడగాలి గానీ, స్టూడియోలో సౌండ్ ఇంజినీర్ తేల్చేది కాదు.

అందుకని అడ్మిన్లకు ఒక మాట. వచ్చే శుక్రవారం ట్రెండింగ్ పోస్టు పెట్టేటప్పుడు నంబరు పక్కన నాలుగు ముక్కలు రాద్దాం: ఏ భాష, ఎవరు కట్టారు లేదా ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, పాడిన వాయించిన వాళ్ల పేర్లు. తెలియకపోతే ఆ చానల్ కింద కామెంట్ పెట్టి మర్యాదగా అడుగుదాం. ఉట్నూరు వైపు అన్నలు, భద్రాచలం వైపు అక్కలు, అరకు పాడేరు తమ్ముళ్లు, దేవరకొండ తండాల వాళ్లు, మీ దిక్కు వైరల్ అయిన పాటల్లో పేరు లేనివి ఏవున్నాయో కింద రాయండి. మొదటి లిస్టు వాటితోనే చేద్దాం.