మాత్ర ముందా, పరీక్ష ముందా?

"మందు ఒంటికి పడలేదు" అని మన ఇళ్లలో ఎంత మామూలుగా అనేస్తామో! తమిళంలో అయితే "ఒత్తుక్కలే". నాన్నది తెలుగు, అమ్మది తమిళం కాబట్టి మా ఇంట్లో రెండు మాటలూ వినిపిస్తాయి. ఓపీలో ఈ మాట చెబితే మాత్రం "అలవాటవుతుంది, మానకండి" అంటారు. కానీ కొన్ని మందుల విషయంలో ఈ పడకపోవడం వెనక నిజంగానే ఒక జన్యువు ఉంటుంది. దాన్ని మాత్ర రాయకముందే చూడొచ్చు. చూసి తీరాలి అంటాను నేను.

నేను చెప్పేది అజాథయోప్రిన్ గురించి. మన రోగనిరోధక శక్తి మన ఒంటి మీదకే తిరగబడినప్పుడు దాన్ని అణచడానికి ఇస్తారు. ల్యూపస్‌కి, పేగుల్లో పుండ్లకి, కిడ్నీ మార్చినవాళ్లకి వాడతారు. ల్యూపస్ వచ్చిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. గర్భంతో ఉన్నప్పుడు పనికిరాని మందులు చాలా ఉన్నాయి గనక, పిల్లల మాట రాగానే డాక్టర్లు చాలాసార్లు ఈ మాత్రకి మారుస్తారు. అందుకే మన కాలేజీ గోడ మీద దీని గురించి రాస్తున్నాను.

ఈ మందు ఒంట్లోకి వెళ్లి మెర్కాప్టోప్యూరిన్‌గా మారుతుంది. దాన్నించి పుట్టే పదార్థాలు కణం లోపల డీఎన్‌ఏలోకి దొంగ అక్షరంలా దూరతాయి. మిగిలిన మందుని విరగ్గొట్టి బయటికి పంపే పని టీపీఎంటీ అనే ఎంజైమ్‌ది. అది సరిగ్గా పనిచేయనివాళ్లలో మందు పేరుకుపోతుంది. ఎముక మజ్జ దెబ్బతింటుంది. (పాఠ్యపుస్తకాల్లో మజ్జ అంటారుగానీ, మాంసం కూర తినేవాళ్లకి మూలుగ అంటేనే తెలుస్తుంది.) యూరప్ జాతుల్లో సుమారు 300 మందిలో ఒకరికి ఈ ఎంజైమ్ దాదాపు ఉండదని 1980లోనే తేలింది. మన ఆసియావాళ్లలో టీపీఎంటీ లోపం తక్కువే. హమ్మయ్య అనుకునేలోపు 2014లో కొరియా పరిశోధకులు ఎన్‌యూడీటీ15 అనే ఇంకో జన్యువుని పట్టుకున్నారు. దానిలో తేడా మన ఖండంలోనే ఎక్కువ. అంటే తెల్లవాళ్ల లెక్క చూసుకుని టీపీఎంటీ ఒక్కటే పరీక్షిస్తే మనకి సరిపోదు.

మా చిత్తికి, అంటే అమ్మ చెల్లెలికి, ఈ మాత్ర మొదలుపెట్టిన మూడో వారానికి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. నోట్లో పుండ్లు, తర్వాత జ్వరం. "ఒత్తుక్కలే" అని రెండుసార్లు వెళ్లి చెప్పింది. రెండుసార్లూ ధైర్యం చెప్పి పంపారు. చివరికి రక్తపరీక్ష చేస్తే, కనీసం 4,000 ఉండాల్సిన తెల్లకణాలు 1,100 ఉన్నాయి. బతికి బయటపడింది. జన్యు పరీక్ష ఆ తర్వాత చేశారు!

మూలుగ దెబ్బతినడం వారాల్లో కనిపిస్తుంది. ఏళ్ల తర్వాత కనిపించేది ఇంకోటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం అజాథయోప్రిన్‌ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో పెట్టింది. ఎక్కువగా వచ్చేవి లింఫోమా, చర్మ క్యాన్సర్. లుకేమియా అరుదు. అయితే నార్డిక్ దేశాల్లో లుకేమియాకి మెర్కాప్టోప్యూరిన్ వాడిన పిల్లల్ని గమనిస్తే, తర్వాత రెండో క్యాన్సర్ వచ్చినవాళ్లలో ఈ ఎంజైమ్ తక్కువగా కనిపించింది. వాళ్లకి వేరే మందులూ ఇచ్చారు, అన్ని దేశాల్లో ఇదే ఫలితం రాలేదు కూడా. కాబట్టి ఇది చదివి ఎవరూ మాత్ర ఆపేయకండి. ఆపితే ల్యూపస్ కిడ్నీల మీద పడొచ్చు, అది ఇంతకన్నా దగ్గరి ప్రమాదం.

విచిత్రం ఏంటంటే ఈ మందు పుట్టింది లుకేమియాతో పోరాటంలోనే. మన సెంట్రల్ స్టేషన్ దగ్గరి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మనందరికీ తెలుసు. హార్వర్డ్‌లో ఆయన సహోద్యోగి జార్జ్ హిచింగ్స్. తర్వాత హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ కలిసి మెర్కాప్టోప్యూరిన్‌నీ, దాన్నించి అజాథయోప్రిన్‌నీ తయారుచేసి 1988లో నోబెల్ అందుకున్నారు. ఆడపిల్లవని ల్యాబుల్లో ఉద్యోగం ఇవ్వని రోజుల్లో, పీహెచ్‌డీ లేకుండానే ఎలియన్ అక్కడిదాకా వెళ్లింది. ఆవిడ గురించి వేరే వ్యాసం రాయాలి.

"అందరికీ జన్యు పరీక్ష అంటే ఖర్చెవరు పెట్టుకుంటారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ జన్యువులు మారవు, జన్మకి ఒక్కసారి చేయిస్తే చాలు. ఐసీయూ బిల్లు పక్కన పెట్టి చూస్తే అదెంత? ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేయాలని అడగడం అత్యాశ కాదు. అదయ్యేదాకా రక్తకణాల లెక్క ఉంది, ఏ వీధి చివరి ల్యాబ్‌లోనైనా చేస్తారు. మొదటి నెల వారానికోసారి, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకోసారి, ఆపైన నెలకోసారి చూడమని మందు తయారీదారుల సూచనల్లోనే ఉంటుంది. జన్యు పరీక్ష బాగున్నా ఈ లెక్క మానకూడదు. ఆ సూచనల కాగితం ఇంగ్లీషులో, చీమ తలంత అక్షరాల్లో ఉంటుంది. మా చిత్తి దాన్ని డబ్బాతోపాటే పారేసింది.

అందులోని ముఖ్యమైన నాలుగు వాక్యాలు తెలుగులో, తమిళంలో రాసి ఈ గోడపత్రిక పక్కనే అంటించాను. భాష తప్పులుంటే మేడమ్‌లు దిద్దండి. ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే ఫోటో తీసుకెళ్లండి.