అశ్వశక్తి కాదు, అవసరమే కొలమానం

దారి లేని చోట నడిచే ట్రక్కుకు ఏ ఇంజను అమర్చాలన్న చర్చ వస్తే, నేటి యువకులు మొట్టమొదట అడిగేది “ఎన్ని గుర్రాల బలం?” అని. ఈ ప్రశ్న తప్పు కాదు గాని, అసంపూర్ణమని మా అభిప్రాయం.

క్రాంకుషాఫ్టును తిప్పే బలమే టార్కు. దానిని ఇంజను వేగంతో గుణించగా వచ్చే ఫలితమే అశ్వశక్తి. ఒక ఇంజను నిమిషానికి 6000 చుట్ల వద్ద 150 అశ్వశక్తిని ఇస్తే, అప్పుడు దాని టార్కు సుమారు 178 న్యూటన్ మీటర్లు. వేరొకటి 3000 చుట్ల వద్ద 100 అశ్వశక్తినే ఇచ్చినా, దాని టార్కు 237. గేర్ల తగ్గింపుతో మొదటి దానినీ వాడవచ్చునని కొందరు వాదిస్తారు. నిజమే. కాని బురదలోను, రాతి వాలుపైను అంత వేగాన్ని నిలుపబోతే చక్రం అదుపు తప్పి నేలను తవ్వుకుంటుంది, క్లచ్చు కాలిపోతుంది. అక్కడ కావలసినది నెమ్మదిగా, నిలకడగా లాగే బలం.

జోంగా చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. 1969 నుండి 1999 వరకు జబల్‌పూరులో సైన్యం కొరకు తయారైన ఈ నిస్సాన్ నమూనా వాహనానికి 3956 సీసీల, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండేది. వేలంలో వాటిని కొన్న పలువురు ఇంధన వ్యయానికి జంకి డీజిల్ ఇంజన్లు వేయించుకున్నారు. పొదుపు మంచిదే. అయితే కొత్త ఇంజను బరువును స్ప్రింగులు, దాని టార్కును గేరుబాక్సు, ఇరుసులు భరించగలవా అని ముందుగా లెక్కించినవారే లాభపడతారు. గొలుసు బలం దాని బలహీనమైన కొలికిలోనే ఉంటుంది కదా! పైగా, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. మినహాయింపులున్న చోట కూడా అధికారుల అనుమతి తప్పదు.

టర్బో అమర్చి బలం పెంచితే వేడీ పెరుగుతుంది. మన వేసవిలో రేడియేటరు చాలకపోతే ఆ బలమంతా వృథా. వాగు దాటేటప్పుడు గాలి గొట్టం ద్వారా నీరు సిలిండరులో చేరితే, నీరు అణగదు గనుక కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. ఆ గొట్టాన్ని ఎత్తున అమర్చడం పది గుర్రాల బలం చేర్చడం కన్నా మేలు.

ఈ విషయాలు నేర్చుకోవడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. ఉప్పల్‌లో రోడ్డు రవాణా సంస్థ వర్క్‌షాపు ఉన్నది. నాచారం పారిశ్రామిక వాడలో లోహాన్ని మలచే చేతులున్నాయి. గ్యారేజీలలో ఉస్తాదు వద్ద షాగిర్దు ఏళ్ల తరబడి నేర్చిన విద్య ఉన్నది. చప్పుడు విని బేరింగు అరుగుదలను గుర్తించే ఆ ఉస్తాదుకు పట్టా లేదు. పట్టా గల మన విద్యార్థి చేతికి నూనె అంటలేదు. ఈ రెండు జ్ఞానాలు ఒకే ఊరిలో ఉండీ పరస్పరం పలుకరించుకోకపోవడమే మన నిజమైన నష్టం. సెలవులలో విద్యార్థులు గ్యారేజీలకు వెళ్లాలి. ఉస్తాదులను తరగతి గదికి గౌరవంగా ఆహ్వానించాలి. వారి అనుభవాన్ని మన లెక్కలతో సరిచూచి, తెలుగులోను ఉర్దూలోను వ్రాసి భద్రపరచాలి.

ఇంజను ఎంపిక ఆడంబరం కాదు, వివేకం. చేయవలసిన పనిని ముందు నిర్ణయించుకొని, తరువాతనే యంత్రాన్ని ఎన్నుకోవాలని యువమిత్రులకు మా మనవి.