అద్దె కిరీటము

పాఠశాలలో వార్షికోత్సవము సమీపించిన దనగానే తొలుత పుట్టు ప్రశ్న యేది? ఏ నాటకము వేయవలెను, ఏ పద్యములు చదివింపవలెను అనునది కాదు. వేషము లెక్కడ దొరకును, అద్దె యెంత అనునది. పట్టణమున వేషముల నద్దెకిచ్చు అంగడి యొకటి యుండును. అందు శ్రీకృష్ణుని పింఛము, దుర్యోధనుని గద, ఝాన్సీరాణి ఖడ్గము, భారతమాత కిరీటము ఒకే గోడకు వ్రేలాడుచుండును. ఉదయము తెచ్చినదానిని మఱునాటికి తిరిగి యీయవలెను. పైకము ముందుగా కట్టవలెను. కట్టగలిగిన యింటి పిల్లవాడు రాజగును. కట్టలేని యింటి పిల్లవాడు, కంఠ మెంత బాగున్నను, పద్య మెంత చక్కగా వచ్చినను, ద్వారపాలకు డగును. లేదా ప్రేక్షకులలో వెనుక వరుసన కూర్చుండును. ఇది ఉపాధ్యాయులకు తెలియని సంగతి కాదు. తెలిసియు దీనిని చిన్నదిగా నెంచుటయే విచారకరము.

పోనీ, ఆ యద్దె వేషమైనను పిల్లవానికి అమరునా? అదియు లేదు. ఎవరి తలకో చేసిన కిరీటము వీని కనుబొమలమీదికి జారును. భుజకీర్తులు మోచేతులవరకు దిగును. కురుసార్వభౌముడు ఒక చేత కిరీటమును పట్టుకొని, రెండవ చేత మీసము నదుముకొనుచు, రారాజునని గర్జించును. సభ నవ్వును. పిల్లవాడు ఆ నవ్వును ఏండ్ల తరబడి మఱవడు. అభినయ మన్నచో వానికి బెదురు పట్టును.

వేషము తెచ్చుకొనునది కాదు, చేసికొనునది. చేసికొనుట వలన డబ్బు మిగులుట యొక లాభమే కాని అది ముఖ్యము కాదు. పాత్రను అర్థము చేసికొనుటకు వేషమును చేయుటకంటె మంచి త్రోవ బాలురకు మఱియొకటి లేదు. ఇదియే ఇచ్చట ప్రతిపాదింప దలచిన విషయము.

ఇందు క్రొత్తదన మేమియు లేదు. భరతుని నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినది. అందు ఆహార్యము తక్కువ దని తలపరాదు. దాని కొక యధ్యాయమే కేటాయింపబడినది. రంగముపై వాడు కృత్రిమ వస్తువులకు అందు ‘పుస్తము’ అని పేరు. అతికి కూర్చునది సంధిమము. యంత్రముతో నడచునది వ్యాజిమము. గుడ్డతో చుట్టి చేయునది వేష్టిమము. బరువైన లోహములతో ఆయుధములను, ఆభరణములను చేసినచో నటుడు అలసి చెమటలు పట్టి సొమ్మసిల్లు ననియు, లక్క, మైనము, అభ్రకము, పలుచని రేకు, గుడ్డ మున్నగు తేలిక పదార్థములే తగిన వనియు ఆ గ్రంథము చెప్పుచున్నది. తలకు, ముఖమునకు ధరించు తొడుగును చేయు పద్ధతియు అందు కలదు: గుడ్డకు మారేడు బంక పట్టించి, ఆకృతి దిద్ది, నిప్పు సెగనో యెండనో ఆరబెట్టి, పిదప కావలసిన చోట రంధ్రములు చేయవలెను. మెత్తగా నున్నపుడు మలచుట, గట్టిపడిన పిమ్మట ధరించుట అను సూత్రము అంత ప్రాచీనమైనది.

తెలుగు నేలపై ఈ సూత్రము నేటికిని జీవించియే యున్నది. కొండపల్లి బొమ్మల కళాకారులు తేలికయైన తెల్ల పొణికి కఱ్ఱను చెక్కి, చింతపిక్కల పొడికి రంపపు పొట్టు చేర్చిన ‘మక్కు’తో అవయవములను అతికింతురు. నాటకరంగమునకు వచ్చినచో, కూచిపూడివారి భామాకలాపమున సత్యభామ ముఖము కనబడుటకు ముందే ఆమె జడ తెరపైగా ప్రేక్షకులకు కనబడును. ఆ యలంకరించిన జడయే ఆమె యతిశయమును, సవాలును చాటి చెప్పును. నటి నోరు విప్పకమునుపే పాత్ర ప్రవేశించినది! అట్టి జడను అంగడి గోడమీదినుండి తీసి తగిలించుకొనిన బాలికకు, దాని యర్థ మెవరు చెప్పగలరు?

ఒక యుదాహరణమును వివరముగా పరిశీలింతము. విరాటపర్వ మంతయు ఒక విధముగా వేషముల కథయే. ధర్మరాజు కంకుడైనాడు, భీముడు వలలుడైనాడు, అర్జునుడు బృహన్నల యైనాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజము ప్రదర్శించిన తొలి నాటకము కీచకవధ. అదియు ఈ పర్వములోని కథయే. బడిలో ఈ ఘట్టమును ఆడింప దలచిన ఉపాధ్యాయుడు విద్యార్థులను ఒక ప్రశ్న అడుగవలెను: బృహన్నల చేతి గాజులు ఎంత వెడల్పుండవలెను?

ఈ ప్రశ్నను అద్దె యంగడి యెన్నడును అడుగదు. దీనికి సమాధానము కథలోనే యున్నది. అల్లెత్రాటి యొరపిడికి అర్జునుని రెండు చేతులును కాయలు కాచినవి. పేరు మార్చుకొనవచ్చును, జడ వేసికొనవచ్చును. ఆ కాయలను దాచుట యెట్లు? గాజులతో కప్పుకొందునని అర్జునుడే అన్నకు చెప్పును. అనగా ఆ గాజులు సింగారమునకు కావు. ఒక మహావీరుని చరిత్రను కప్పుటకు పెట్టినవి. అవి సన్నగా ఉండరాదు. ఒకటి రెండు చాలవు. ఉత్తర గోగ్రహణమున అవి తొలగినపుడు గాండీవమునకు తగిన చేతులు బయటపడవలెను. ఇంతటి విషయమును విద్యార్థి పాఠములో చదివి పరీక్షలో వ్రాసి మఱచిపోవును. గాజును తానే చేయవలసివచ్చినచో, వెడల్పును కొలుచునపుడు పుస్తకమును మఱల తెఱచును. ఆ తెఱచుటయే తెలుగు ఉపాధ్యాయునికి కావలసినది.

ఇక ఆ గాజును దేనితో చేయవలెను? ఈ కాలమున మలచుటకు వీలైన ప్లాస్టిక్కులు కొన్ని వచ్చినవి. అందు ‘పాలికాప్రొలాక్టోన్’ అనునది గృహమున వాడుటకు అనువైనది. తెల్లని గింజల రూపమున దొరకును. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడి గల నీటిలో వేసినచో ఆ గింజలు మెత్తబడి, పారదర్శకమై, ఒకదాని కొకటి అతుకుకొనును. చపాతీ పిండివలె పిసికి కావలసిన ఆకృతికి తేవచ్చును. చల్లారినపుడు మఱల తెల్లబడి గట్టిపడును. నచ్చనిచో తిరిగి వేడినీటిలో వేయవచ్చును. వైద్యశాలలలో విఱిగిన వ్రేలికి, మణికట్టుకు ఆధారముగా కట్టు బద్దలను ఈ జాతి ప్లాస్టిక్కుతోనే చేయుదురు. రోగి చేతికి అమరునది నటుని చేతికి అమరకుండునా?

రెండవది చెప్పుల అడుగులకు వాడు మెత్తని ఫోము, దీనిని ఇ.వి.ఏ. అందురు. పలుచని పలకలుగా స్టేషనరీ దుకాణములలో దొరకును. కత్తెరకు లొంగును, వేడి గాలి తగిలించి వంచినచో ఆ వంపు నిలుచును. కవచములకు, భుజకీర్తులకు ఇది చక్కగా సరిపోవును. మొదటిది ఖరీదైనది కావున కిరీట మంతయు దానితో చేయుట దుబారా. అట్ట, ఫోము, గుడ్డ దేహముగా నుంచి, అంచులకు, పువ్వులకు, అతుకులకు మాత్రమే ఆ ప్లాస్టిక్కును వాడుట వివేకము.

పని చేయు క్రమము ఇది. ముందు నటుని చేతిని, తలను టేపుతో కొలువవలెను. కాగితముతో నమూనా చేసి తొడిగి చూడవలెను. నమూనా కుదిరిన పిదపనే అసలు పని. వేడి ప్లాస్టిక్కును చర్మముపై నేరుగా పెట్టరాదు. చేతికొలత గల గాజుసీసాకు తడిగుడ్డ చుట్టి దానిపై మలచవలెను. మెత్తగా నున్నపుడే అంచు వెంట దబ్బనముతో వరుసగా రంధ్రములు పొడువవలెను; గట్టిపడిన పిదప పొడుచుట కష్టము. అంచులను గరుకు కాగితముతో రుద్దినచో ఆ రాపిడి వేడికే మఱల మెత్తబడును. కావున వేడినీటిలో ముంచి తడివ్రేలితో నునుపు చేయుట మేలు. ఆ పిమ్మట సూదియు దారమును అందుకొనవలెను.

ఈ విద్యలో సూది స్థానము మిక్కిలి గొప్పది. ప్లాస్టిక్కు ఆకృతిని నిలుపును. దేహమునకు దానిని అమర్చునది కుట్టు. కిరీటము లోపల నూలుగుడ్డ అస్తరు, దానిలో పలుచగా దూది పెట్టి కుట్టినచో చెమట పీల్చుకొనును, నొసలు ఒరసికొనదు. వెనుక నాడా కుట్టినచో ఈ యేటి తలకును, వచ్చు నేటి తలకును సరిపోవును. భుజకీర్తులను జిగురుతో చొక్కాకు అంటించినచో మొదటి యంకమునకే ఊడిపడును. రంధ్రములగుండ దారము పోనిచ్చి టాకాలు వేసినచో గద ఎత్తినను కదలవు. సూది ఆడపిల్లలదనియు, సుత్తి మగపిల్లలదనియు కొన్ని పాఠశాలలలో నేటికిని ఒక యపోహ కలదు. ఊరూర దర్జీలు మగవారై యుండగా ఈ యపోహ ఎట్లు నిలిచినదో! దుర్యోధన పాత్రధారి తన కిరీటపు అస్తరు తానే కుట్టుకొనవలెను. ఆ పౌరుషమునకు అందువలన లోపము రాదు.

ప్రమాదముల మాట మఱువరాదు. వేడినీటిని పోయుట, గింజలను తీయుట పెద్దల పని. పైన చల్లారిన ముద్ద లోపల వేడిగా నుండును. తొందరపడి పట్టుకొన్న చేయి బొబ్బలెక్కును. వేడిగాలి యంత్రమును, ఘాటైన జిగురును కిటికీలు తెఱచిన గదిలోనే వాడవలెను. అన్నిటికంటె ముఖ్యము, పేరు తెలియని ప్లాస్టిక్కును నిప్పున కాచరాదు. ఇంటిలో మిగిలిన పి.వి.సి. గొట్టమును కాల్చి వంచ జూచినచో హైడ్రోజన్ క్లోరైడ్ అను హానికర వాయువు వెలువడును. చేసిన వస్తువులను ఎండలో నుంచరాదు; మండు వేసవిలో ఎండకు మూసిపెట్టిన కారులో విడిచిన కిరీటము సాయంకాలమునకు రూపు చెడవచ్చును.

దీనిపై కొన్ని ఆక్షేపణలు వినవచ్చును. ప్లాస్టిక్కు వలన భూమి పాడగుచున్నదని బోధించు పాఠశాలయే ప్లాస్టిక్కును వాడవచ్చునా అనునది మొదటిది. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అలంకరణకు వాడు థర్మోకోలును 2022 జూలై 1 నుండి దేశమున నిషేధించిరి, అది న్యాయమే. ఒక పూట వాడి పాఱవేయునది దోషము. పైన చెప్పిన గింజల ప్లాస్టిక్కు అట్టిది కాదు. రంగు గీకివేసి మఱల కరగించినచో ఈ యేటి కిరీటపు అంచు వచ్చు నేటి గాజులగును. ఫోమునకు ఆ సుగుణము లేదు. కావున దానిని పొదుపుగా వాడి, చేసినదానిని ఏండ్ల తరబడి దాచుకొనవలెను. అదియు వద్దనువారికి కాగితపు గుజ్జు, గుడ్డ, చింతపిక్కల జిగురు ఉండనే యున్నవి. పదార్థము ఏదైనను సూత్రము ఒక్కటియే.

కాలము లేదు, మార్కులు రావు అనునది రెండవ ఆక్షేపణ. చేతిపని ద్వారా చదువు నేర్పవలెనని 1937లో వార్ధాలో గాంధీజీ చెప్పిన నాటినుండి ఈ సమాధానము వినబడుచునే యున్నది. అయినను 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది దినములను సూచించినది. ఆ దినములలో స్థానిక వృత్తి కళాకారుల కడ పని నేర్వవలె నన్నది. ఆ పది దినములలో రెండు నాటక వేషములకు ఇచ్చినచో పోవున దేమి?

అద్దె యంగడివాని జీవనోపాధి మాటేమి అని అడుగువారును కలరు. ఆయనను, ఊరి దర్జీని పాఠశాలకు పిలిచి, తగిన పారితోషికమిచ్చి పిల్లలకు ఆ పని నేర్పింపవలెను. గోడకు వ్రేలాడు వేషములకు అద్దె పుచ్చుకొనుటకంటె, గురువై వచ్చి గౌరవము పొందుట ఆయనకును హితమే.

ఒక్క సంవత్సరములో అన్ని వేషములు చేయుట సాధ్యము కాకపోవచ్చును. ఈ యేడు బృహన్నల గాజులతో మొదలు పెట్టవచ్చును; వచ్చు నేడు వలలుని గరిటె, ఆ పై యేడు కిరీటము. మూడేండ్లకు పాఠశాలకు ఒక పెట్టె నిండును. ఆ పెట్టెలోని కిరీటమునకు అద్దె లేదు. అది యేడాది కొకని తలకు నాడా బిగించుకొని అమరును. ఆ నాడు రాజు వేషము ఎవరికన్న ప్రశ్నకు సమాధానము తండ్రి జేబులో నుండదు. పద్యము చక్కగా వచ్చిన పిల్లవాని నాలుకపై నుండును.