సముద్రంలో కలిసిన నీరు వృథాయేనా?

వర్షాకాలంలో గోదావరికి, కృష్ణకు వరద వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఒక మాట తప్పకుండా కనబడుతుంది: ఇన్ని వందల టి.ఎం.సి.ల నీరు వృథాగా సముద్రం పాలయింది అని. ఊళ్ళో పెద్దలూ అదే మాట అంటారు. నదుల మీద వ్యాసం రాయమంటే మీలో చాలామంది అదే మాట రాస్తారు. ఎండిపోతున్న పైరును చూసుకునే రైతుకు ఆ వరద నీటిని చూస్తే కడుపు తరుక్కుపోవటం సహజమే. కాని సైన్సు చదువుకునే వాళ్ళం ఎంత వాడుకలో ఉన్న మాటనైనా ఒకసారి పరీక్షించి చూడాలి. సముద్రంలో కలిసిన నదీజలం నిజంగా ఎవరికీ ఉపయోగపడకుండా పోతోందా?

ఈ ప్రశ్నకు ఉత్తర అమెరికాలో ఒక నది ముఖద్వారం దగ్గర పడివున్న చచ్చిన గుల్లలు జవాబు చెప్పాయి. వాటిచేత ఆ జవాబు చెప్పించిన శాస్త్రజ్ఞులలో ముఖ్యుడు అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ ఫ్లెసా.

ఆ నది పేరు కొలరాడో. అమెరికాలోని రాకీ పర్వతాలలో పుట్టి, సుమారు 2,300 కిలోమీటర్లు ప్రవహించి, మెక్సికో దేశంలో కాలిఫోర్నియా సింధుశాఖను చేరుతుంది. చేరుతుంది అనటం కంటే చేరేది అనటం సబబు. 1930లలో ఈ నది మీద హూవర్ డ్యామ్ కట్టారు. 1963లో గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు మూశారు. ఇంకా ఎన్నో ఆనకట్టలు, కాలువలు వచ్చాయి. ఎడారిలో పంటలు పండాయి, పెద్ద నగరాలు వెలిశాయి. ఇవాళ సుమారు 4 కోట్ల మంది ఈ నది నీటి మీద ఆధారపడి ఉన్నారు. అయితే 1960ల నుంచి, పెద్ద వరదలు వచ్చిన కొద్ది సంవత్సరాలు తప్పిస్తే, నది సముద్రం దాకా రావటం లేదు. ఒక్క చుక్క కూడా "వృథా" కాకుండా వాడుకున్నారన్నమాట.

దాని ఫలితం ఏమిటో తెలుసుకోవాలంటే ఆనకట్టలకు ముందు ఆ డెల్టా ఎలా ఉండేదో తెలియాలి. కాని అప్పుడు అక్కడి బురదలో ఎన్ని గుల్లలు బ్రతుకుతున్నాయో ఎవరూ లెక్కపెట్టి రాసి పెట్టలేదు. లెక్కలు లేని కాలాన్ని లెక్కగట్టటం ఎలా?

ఫ్లెసా మొదట పరిశోధించిన విషయం వేరు. జంతువులు చచ్చిన తర్వాత వాటి చిప్పలు, ఎముకలు ఎలా నిలవ ఉండి శిలాజాలు అవుతాయి అన్నది ఆయన ప్రశ్న. కాలిఫోర్నియా సింధుశాఖ ఒడ్డునే మరొకచోట దొరికిన గుల్లల వయస్సు కొలిచి, ఒకేచోట పక్కపక్కన పడివున్న గుల్లలు వేర్వేరు శతాబ్దాలకు చెందినవి కావచ్చునని 1993లో ఆయన, ఆయన సహచరులు చూపించారు. అంటే ఒడ్డున ఉన్న గుల్లల కుప్ప ఒక్క రోజు తీసిన ఫోటో కాదు. వందల ఏళ్ళ చిట్టా పుస్తకం. ఆ చిట్టాను కొలరాడో డెల్టాలో చదివితే?

ఆ డెల్టాలో తీరాలు, చిన్న చిన్న దీవులు చాలావరకు గుల్లల కుప్పలే. మిహావ్ కొవలెవ్‌స్కీ, ఫ్లెసా, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ కుప్పల పొడవు, వెడల్పు, లోతు కొలిచారు. కొంత పరిమాణంలో ఎన్ని గుల్లలు ఉన్నాయో లెక్కపెట్టి, మొత్తం ఎన్ని ఉండాలో గణించారు. వాటి వయస్సు తెలుసుకోవటానికి రెండు పద్ధతులు వాడారు. ఒకటి మీరు పాఠంలో చదివే కార్బన్-14 పద్ధతి. రెండవది అమైనో ఆమ్లాల పద్ధతి. జీవుల ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాల అణువులు దాదాపు అన్నీ "ఎడమచేతి" వాటం గలవి. జీవి చచ్చాక అవి నెమ్మదిగా "కుడిచేతి" వాటంలోకి మారుతూ ఉంటాయి. ఎంత మారాయో కొలిస్తే ఎంత కాలమైందో అంచనా కట్టవచ్చు.

2000 సంవత్సరంలో వాళ్ళు ప్రకటించిన లెక్క ఇది. క్రీ.శ. 950 నుంచి 1950 వరకు, అంటే వెయ్యేళ్ళలో, అక్కడ పోగుపడిన గుల్లలు కనీసం 2 లక్షల కోట్లు. ఒక్కొక్క గుల్ల సుమారు మూడేళ్ళు బ్రతుకుతుందనుకుంటే, వెయ్యేళ్ళలో 333 తరాలు గడిచాయి. 2 లక్షల కోట్లను 333తో భాగించండి: దాదాపు 600 కోట్లు. నది పారుతున్న రోజుల్లో ఏ సమయంలో చూసినా అన్ని గుల్లలు అక్కడ సజీవంగా ఉండేవన్నమాట. చదరపు మీటరుకు సుమారు 50 చొప్పున ఉండేవి. పరిశోధన జరిగేనాటికి అక్కడ బ్రతికి ఉన్నవి చదరపు మీటరుకు 3. నూటికి 94 వంతులు పోయాయి.

ఇది నదీజలం ఆగిపోయినందువల్లే జరిగిందని ఎలా చెప్పగలం అని మీరు అడగాలి. అడిగితేనే సైన్సు. ఆ కుప్పల్లో నూటికి ఎనభైకి పైగా గుల్లలు ఒకే జాతివి. దాని పేరు మ్యులీనియా కొలరాడోయెన్సిస్. ఇప్పుడు అది సజీవంగా కనబడటమే అరుదు. ఆక్సిజన్ పరమాణువుల్లో తేలికవీ ఉన్నాయి, బరువైనవీ ఉన్నాయి. పర్వతాల మీది మంచు కరిగి వచ్చిన నదీజలంలో బరువైనవి సముద్రపు నీటిలో కన్నా తక్కువ. గుల్ల పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న నీటిలోని ఆక్సిజనే దాని చిప్పలో చేరుతుంది. పాత మ్యులీనియా గుల్లలను పరీక్షిస్తే, అవి మంచినీరు, ఉప్పునీరు కలిసిన చోట పెరిగినట్టు తేలింది. అవి బ్రతకటానికి అలాంటి నీరు అవసరమని 2001లో వెలువడిన పరిశోధన తేల్చింది.

గుల్లలు పోతే పోనీ, మనకేం అంటారా? ఆ పాత చిప్పల మీద మాంసాహార నత్తలు తొలిచిన రంధ్రాలు, పీతలు విరిచిన గుర్తులు ఉన్నాయి. అంటే ఆ గుల్లలు ఎన్నో జీవులకు ఆహారం. ఆ సింధుశాఖలో తప్ప మరెక్కడా లేని టొటోవాబా అనే పెద్ద చేప కథ కూడా ఇలాంటిదే. చేప తలలో ఉండే చెవిరాళ్ళలో చెట్టు కాండంలో లాగా ఏటేటా ఒక వలయం ఏర్పడుతుంది. పూర్వకాలపు చెవిరాళ్ళను పరిశీలించి, నదీజలం వచ్చే రోజుల్లో ఆ చేపలు పిల్లదశలో త్వరగా ఎదిగి, త్వరగా గుడ్లు పెట్టే వయస్సుకు వచ్చేవని ఫ్లెసా సహచరులు 2008లో చూపారు. మితిమీరి పట్టటం వల్ల కూడా ఆ చేప తగ్గిపోయింది. కాని నది ఎండిపోవటం దానికి రెండో దెబ్బ.

గతించిన జీవుల అవశేషాల సాయంతో ఇప్పటి జీవులను కాపాడే ఈ శాస్త్రాన్ని సంరక్షణ పురాజీవశాస్త్రం అనవచ్చు. ఈ పేరుతోనే ఫ్లెసా 2002లో ఒక వ్యాసం రాశారు. దీని ఉపయోగం నా దృష్టిలో చాలా పెద్దది. ప్రతి తరమూ తాను చిన్నప్పుడు చూసిన ప్రకృతే అసలైన ప్రకృతి అనుకుంటుంది. ఈ పొరపాటును డేనియల్ పాలీ అనే మత్స్యశాస్త్రజ్ఞుడు 1995లో ఎత్తి చూపాడు. చదరపు మీటరుకు 3 గుల్లలు చూసి పెరిగిన వాడికి 3 సహజమైన సంఖ్యగానే తోస్తుంది. 50 ఉండేవని చెప్పగలిగింది చచ్చిన గుల్లలే.

ఈ పరిశోధనలు కాగితాల మీదే ఆగిపోలేదు. అమెరికా, మెక్సికో దేశాలు 2012లో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 2014 మార్చి నుంచి మే వరకు, ఎనిమిది వారాలు, డెల్టాలోకి నీరు వదిలారు. ఫలితాలను పరిశీలించిన శాస్త్రజ్ఞుల బృందానికి నాయకత్వం వహించిన వారిలో ఫ్లెసా ఒకరు. వదిలింది సుమారు 13 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో నాలుగున్నర టి.ఎం.సి.లు. ఒకప్పుడు ఆ నదిలో ఏటా పారిన నీటిలో ఇది నూటికి ఒక వంతు కూడా కాదు. అయినా ఎండిన ఇసుకలో చెట్ల మొలకలు వచ్చాయి, పక్షులు పెరిగాయి, భూగర్భజలం పైకి లేచింది. నదిని ఎన్నడూ చూడని పిల్లలు అందులో ఆడుకున్నారు. సముద్రం దాకా చేరింది కొద్ది నీరే. గుల్లలు తిరిగి రావటానికి అది చాలదు. కాని నదికి కొంచెం ఇచ్చినా అది ఎంత తిరిగి ఇస్తుందో తెలిసింది.

ఇప్పుడు మన నదుల సంగతి. ఆనకట్టలు వద్దని నేను అనటం లేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాకు అన్నం పెట్టింది. కాని ఆ గోదావరిలోకే వరద రోజుల్లో సముద్రం నుంచి పులస చేప ఎదురీదుతూ వస్తుంది. మంచినీరు సముద్రంలోకి వెళ్ళకపోతే దానికి దారి చూపేది ఎవరు? కోరింగ మడ అడవులు పెరిగేది కూడా రెండు నీళ్ళూ కలిసే చోటే. ఇక 2001 నుంచి 2004 వరకు వచ్చిన కరవు సంవత్సరాల్లో కృష్ణానది నుంచి ప్రకాశం బ్యారేజి దాటి సముద్రానికి చేరిన నీరు చాలా స్వల్పం. కొలరాడో కథ మనకు మరీ దూరంది కాదు.

అందుచేత నా అభిప్రాయం ఇది. నదుల నీటిని పంచేటప్పుడు రాష్ట్రాలకు, పొలాలకు, నగరాలకు వాటా వేసినట్టే నదీముఖానికీ ఒక వాటా లెక్కగట్టాలి. అది ఎంత ఉండాలో పెద్దలు వాదించుకోవచ్చు. సున్నా మాత్రం కాకూడదు. తీరాల్లో గుల్లలను ఏరి సున్నం కాల్చటం మన దగ్గర పాత అలవాటు. కాల్చే ముందు కొన్నిటినైనా శాస్త్రజ్ఞులు చూసి, కొలిచి, వయస్సు కట్టాలి. ఆ చిట్టా ఒకసారి బూడిదైతే మళ్ళీ రాయలేం.

మీ వంతు పని చిన్నదే. ఈసారి నదుల మీద వ్యాసం రాసేటప్పుడు "వృథా" అన్న మాట దగ్గర కలం ఆపండి. ఆ నీటిని ఎవరెవరు వాడుకుంటున్నారో ఒక జాబితా వేయండి. అందులో మనుషులను మాత్రమే రాస్తే ఆ జాబితా పూర్తి కాదు.