మస్కట్‌కు టికెట్టు కొనేముందు

గల్ఫ్ అనగానే మనకు ఆకాశాన్నంటే అద్దాల మేడలే గుర్తొస్తాయి. ఒమన్ రాజధాని మస్కట్ అలా ఉండదు. రాతికొండలకూ సముద్రానికీ నడుమ ఒదిగిన తెల్లటి పొట్టి భవనాలు, పాత రేవుకు కాపలాగా పోర్చుగీసువాళ్ల కాలం నాటి జలాలీ, మిరానీ కోటలు. ఈ సంచిక యాత్రా పేజీలకు ఆ ఊరినే ఎంచుకున్నాం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మేలు. మే, జూన్ ఎండల ముందు మన రోహిణి కార్తె ఏపాటి! 2001లో ప్రారంభమైన సుల్తాన్ ఖాబూస్ మసీదును మాత్రం వదలొద్దు. ప్రార్థనా మందిరంలో పరిచిన తివాచీ పొడవు 70 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. ఇరాన్ నేతగత్తెల చేతిపని. ముస్లిమేతరులను ఉదయం 8 నుంచి 11 వరకే రానిస్తారు, శుక్రవారం అదీ లేదు. ఆడవాళ్లు తల కప్పుకోవాలి కాబట్టి చున్నీ దగ్గరుంచుకోండి.

ముత్రా బజారుకు సాయంత్రం వెళ్లండి. సందుల నిండా ధోఫార్ ప్రాంతపు ధూపం వాసన. బేరం ఆడొచ్చు; కాకపోతే అక్కడ రియాల్‌కు 1000 బైసాలు, లెక్క చూసుకోండి.

రెండు రోజుల్లో మస్కట్ ముగించి దుబాయ్‌కి పరుగెత్తించే ప్యాకేజీలు మాకు నచ్చవు. మీ ఊరివాళ్లెవరైనా మస్కట్‌లో పనిచేస్తుంటే, చాలామందికి సెలవు శుక్రవారమే. ఆ రోజు వాళ్లకోసం ఉంచండి.